పదహారేళ్ల క్రీడాకారిణి రేపటి సంపాదనలో వాటా కొనడం న్యాయమేనా?

బేస్‌లైన్ (ప్రశ్న)

మా ఇంజినీరింగ్ కాలేజీ స్నేహితులం ఎనిమిదిమందిమి కలిసి ఒక పని చేద్దామని అనుకుంటున్నాము. అందులో నేను చేరాలా వద్దా అన్నది తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నాను. మాలో ఒకరి బంధువుల అమ్మాయి గుంటూరులో ఉంటుంది. వయసు పదహారు. టెన్నిస్‌లో జూనియర్ స్థాయిలో మంచి ఫలితాలు సాధించింది. తండ్రి చిన్న వ్యాపారం చేసుకునే మనిషి. ఉన్న కొద్దిపాటి పొలం అమ్మి ఇంతవరకు లాక్కొచ్చారు. ఇక మీదట విదేశీ టోర్నమెంట్లకు పంపాలన్నా, ప్రయాణాల్లో కోచ్‌ను వెంట ఉంచాలన్నా, ఫిజియోకూ రాకెట్లకూ వాటి తీగలు బిగించే గట్టింగ్‌కూ ఖర్చు పెట్టాలన్నా ఆయన వల్ల అయ్యే పని కాదు. మా ప్రతిపాదన ఏమిటంటే, నాలుగేళ్లలో కోటీ ఇరవై లక్షల రూపాయలు మేమందరం కలిసి పెడతాము. ఆమెకు పద్దెనిమిదేళ్లు నిండిన నాటి నుంచి పదిహేనేళ్ల పాటు టెన్నిస్ వల్ల వచ్చే ఆదాయం అంతటిలోనూ, అంటే ప్రైజ్‌మనీలోనూ ప్రకటనల సొమ్ములోనూ, 12 శాతం మాకు వస్తుంది. ఆమె ఏమీ సంపాదించకపోతే ఒక్క రూపాయి కూడా తిరిగి ఇవ్వనక్కరలేదు.

ఈ చివరి షరతు ఉంది కాబట్టి ఇది సహాయమేనని మావాళ్లు అంటున్నారు. నేను మాత్రం అంత తేలికగా ఒప్పుకోలేకపోతున్నాను. నేనుండేది శాన్ డియేగోలో. ఇక్కడి బేస్‌బాల్ జట్టు పాడ్రేస్‌లో ఫెర్నాండో టటీస్ జూనియర్ అనే ఆటగాడున్నాడు. డొమినికన్ రిపబ్లిక్‌కు చెందిన ఈ కుర్రాడు 2017లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఇంకా కింది స్థాయి లీగుల్లో ఆడుతుండగానే, బిగ్ లీగ్ అడ్వాన్స్ అనే సంస్థ దగ్గర 20 లక్షల డాలర్లు తీసుకొని, అక్కడి అత్యున్నత స్థాయి అయిన మేజర్ లీగ్‌లో తాను సంపాదించబోయే దానిలో 10 శాతం ఇస్తానని సంతకం చేశాడు. 2021లో అతనికి పాడ్రేస్‌తో 14 ఏళ్లకు 34 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. ఆ ఒక్క ఒప్పందం మీదే సంస్థకు చేరవలసినది 3 కోట్ల 40 లక్షల డాలర్లు. ఇది పెట్టుబడి కాదు, లైసెన్సు లేకుండా ఇచ్చిన దోపిడీ అప్పు అని 2025 జూన్‌లో అతను కోర్టుకు వెళ్లాడు.

మేము తలపెట్టినది చిన్న స్థాయిలో ఇదే పని కాదా అన్నది నా అనుమానం. వాటా ఎందుకు, ఉత్తినే ఇవ్వవచ్చు కదా అని మీరు అడుగుతారని తెలుసు. అంత సొమ్ము తిరిగి వస్తుందన్న ఆశ లేకుండా ఇచ్చే స్తోమత మాలో ఎవరికీ లేదు. కాబట్టి ఆ అమ్మాయి ముందున్న దారులు రెండే: ఈ షరతులతో మా డబ్బు తీసుకోవడం, లేదా ఏ డబ్బూ లేకపోవడం. రెండో దారి కంటే మొదటిది మేలే అయినప్పుడు, అందులో తప్పు ఎక్కడుంది?

లెక్కలపుస్తకం

బేస్‌లైన్ గారూ, టటీస్ కథను అందరూ చివరి నుంచి మొదలుపెట్టి చెబుతారు, అందుకే అది అన్యాయంలా కనిపిస్తుంది. 2017లో ఆ సంస్థ ముందున్నది 34 కోట్ల డాలర్ల ఆటగాడు కాదు, ఎన్నో మెట్లు ఎక్కవలసి ఉన్న ఒక కుర్రాడు. అదే సంస్థ దగ్గర డబ్బు తీసుకొని మేజర్ లీగ్ ముఖం చూడని వాళ్లున్నారు. ఒప్పందం ప్రకారం వాళ్లు ఏమీ తిరిగి ఇవ్వనక్కరలేదు. గెలిచినవాడి వాటాలోంచే ఓడినవాళ్ల ఖర్చు రావాలి. బ్యాంకు అప్పయితే ఓడినవాడి ఇంటి కాగితాలు బ్యాంకు దగ్గర ఉంటాయి. ఈ రెండింటిలో ఏది మానవీయమో మీరే చెప్పండి.

పైగా టటీస్ దిక్కులేని స్థితిలో సంతకం చేసినవాడు కూడా కాదు. తండ్రి మేజర్ లీగ్‌లో ఆడినవాడు. మొదటి క్లబ్బుతో సంతకం చేసినప్పుడే అతనికి 7 లక్షల డాలర్ల బోనసు వచ్చింది. కింది లీగుల్లో జీతాలు చాలా తక్కువ, నిజమే. 2018లో అమెరికా చట్టసభ ఆ ఆటగాళ్లను కనీస వేతన రక్షణ నుంచి తప్పించింది కూడా. 2022లో యూనియన్ ఏర్పడి, 2023లో మొదటి సమష్టి ఒప్పందం కుదిరాక గాని పరిస్థితి మెరుగుపడలేదు. జట్ల యజమానులు ఇవ్వవలసిన జీతం ఇవ్వకపోవడం వల్ల ఏర్పడిన ఖాళీలోకి ఈ పెట్టుబడి సంస్థలు వచ్చాయి. కోపం ముందు ఎవరి మీద రావాలో ఆలోచించండి.

ఈ ఆలోచన కొత్తదీ కాదు. చదువుకునేవారికి డబ్బు ఇచ్చి వారి రాబోయే సంపాదనలో వాటా తీసుకోవచ్చునని ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1955లోనే రాశాడు. ఇది ఒక మనిషి సంపాదనా శక్తిలో భాగం కొనడమే గనుక పాక్షిక బానిసత్వంతో సమానమని కూడా ఆయనే అన్నాడు, అయినా ఆలోచనను వదులుకోలేదు. 2014లో ఫాంటెక్స్ అనే సంస్థ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు వెర్నన్ డేవిస్‌కు 40 లక్షల డాలర్లు ఇచ్చి, అతని ఆదాయంలో 10 శాతానికి ముడిపెట్టిన షేర్లను ఒక్కొక్కటి 10 డాలర్లకు ప్రజలకు అమ్మింది. అంతకుముందు ఏడాది ఏరియన్ ఫాస్టర్ అనే మరో ఆటగాడి మీద వేయదలచిన షేర్ల ఇష్యూను అతనికి గాయం కావడంతో వాయిదా వేసింది. వాళ్లిద్దరూ పెద్దవాళ్లు, అప్పటికే పేరున్నవాళ్లు. వివరాలన్నీ నియంత్రణ సంస్థ ముందు బహిరంగంగా పెట్టారు. కాబట్టి వాటా అమ్ముకోవడమే పాపం అనడం నాకు సమ్మతం కాదు.

ఇంతా చెప్పాక, మీ ప్రతిపాదన మాత్రం నాకు నచ్చలేదు. కారణం నీతి కాదు, లెక్క. బిగ్ లీగ్ అడ్వాన్స్ ఎందరో ఆటగాళ్ల మీద డబ్బు పెట్టింది. ఒకడు మోకాలు విరగ్గొట్టుకుంటే దానికి నిద్ర పట్టకపోవడమంటూ ఉండదు. మీరు ఎనిమిదిమంది ఒక్క అమ్మాయి మీద పెడుతున్నారు. అత్యంత కింది స్థాయి అంతర్జాతీయ టోర్నమెంటులో మొత్తం ప్రైజ్‌మనీ 15 వేల డాలర్లు. దాన్ని అందరూ పంచుకోవాలి, ఎవరి ఖర్చులు వారివి. పురుషుల్లో అప్పట్లో దేశంలోనే మొదటి ర్యాంకులో ఉన్న సుమిత్ నాగల్ తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలే ఉన్నాయని 2023లో చెప్పిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అంటే మీ అమ్మాయి చాలా బాగా ఆడినా, మీ డబ్బు వెనక్కి రాకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది. ఆ సంగతి మీ ఎనిమిదిమందికీ మూడో ఏట తెలిసివస్తుంది. అప్పటి నుంచి ఆమెకు వచ్చే ఫోన్లు ఎలా ఉంటాయో ఊహించుకోండి. నష్టాన్ని నవ్వుతూ భరించగలిగినవాడు మాత్రమే ఇలాంటి ఒప్పందానికి అర్హుడు. మీలో అలాంటివారు ఎందరున్నారు?

హైకోర్టు మెట్లు

నేను హైదరాబాదులో సివిల్ కేసులు చూసే న్యాయవాదిని. ఇది సలహా కాదు, సాధారణ సమాచారం మాత్రమే.

ముందుగా, మీ ఒప్పందం మన దేశంలో కాగితం విలువ కూడా చేయదు. 1872 కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. మైనరు చేసిన ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లో మొహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. నేటికీ అదే న్యాయం. మరి తండ్రి సంతకం చేస్తారు కదా అంటారేమో. సంరక్షకుడు మైనరు ఆస్తి విషయంలో కొన్ని పరిమితులకు లోబడి ఒప్పందాలు చేయగలడు గాని, ఆమె శ్రమను గాని ప్రతిభను గాని తాకట్టు పెట్టలేడు. 1949లో బొంబాయి హైకోర్టు ముందుకు వచ్చిన రాజ్ రాణి కేసు చూడండి. సినిమాలో నటించడానికి మైనరు అమ్మాయి తరఫున తండ్రి నిర్మాతతో ఒప్పందం చేసుకున్నాడు. నిర్మాత మాట తప్పితే కోర్టు ఆ ఒప్పందమే చెల్లదని చెప్పింది. అక్కడ నష్టపోయింది అమ్మాయే కావడం వల్ల ఆ తీర్పు కొంత బాధ కలిగిస్తుంది, కాని సూత్రం స్పష్టం. పద్దెనిమిదేళ్లు నిండాక పాత కాగితానికి ఆమె ఔనన్నా ప్రాణం రాదు. కొత్తగా, కొత్త ప్రతిఫలంతో రాసుకోవలసిందే.

రెండోది, ఆమె పెద్దదయ్యాక ఎవరి తరఫున ఆడాలి, ఎవరితో ప్రకటనల ఒప్పందం చేసుకోవాలి అన్న విషయాల్లో మీకు మాట ఉండాలని ఏ షరతైనా రాశారా? రాసి ఉంటే అదే చట్టం 27వ సెక్షన్ అడ్డువస్తుంది. క్రికెటర్ జహీర్ ఖాన్‌తో పర్సెప్ట్ డిమార్క్ అనే సంస్థ చేసుకున్న ఒప్పందంలో, గడువు ముగిశాక కూడా కొత్త అవకాశాన్ని మొదట తమకే చూపించాలన్న షరతు ఉండేది. వృత్తి స్వేచ్ఛకు అడ్డుకట్ట గనుక అది చెల్లదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది.

మూడో విషయం మీరు రాయలేదు గాని, ఇలాంటి కాగితాల్లో తరచుగా చూస్తాను: మధ్యలో ఆట మానేస్తే ఇచ్చినదంతా వడ్డీతో తిరిగి కట్టాలి అన్న షరతు. మీ ముసాయిదాలో అది ఉంటే వెంటనే తీసేయండి. బయానా తీసుకున్న మనిషి పని మానే స్వేచ్ఛను కోల్పోవడమే 1976 నాటి నిర్బంధ శ్రమ రద్దు చట్టానికి మూలంలో ఉన్న దుర్మార్గం. ఆ చట్టం నిర్వచనంలోనే పాలేరు, వెట్టి, భగేలా అన్న పేర్లు కనిపిస్తాయి. కోటి రూపాయల టెన్నిస్‌కు దాన్ని వర్తింపజేయడం అతిశయోక్తి అవుతుందని నాకు తెలుసు. అయినా మానేసే దారి మూసిన ఒప్పందాన్ని సహాయం అని పిలవడానికి వీలులేదు. మీరు విదేశంలో ఉండి డబ్బు పంపి, ఇక్కడి మనిషి ఆదాయంలో వాటాను అక్కడికి తెచ్చుకోవడం విదేశీ మారక ద్రవ్య నిబంధనల కిందికి వస్తుంది. దానికి వేరే నిపుణుణ్ణి అడగండి.

ఇంకొక్క మాట. ఒప్పందం చెల్లదు గనుక నైతిక ప్రశ్న లేదని అనుకోకండి. చెల్లని కాగితం పల్లెల్లోనూ చిన్న పట్నాల్లోనూ చెల్లే కాగితం కంటే గట్టిగా పనిచేస్తుంది. ఆ తండ్రి కోర్టుకు వెళ్లడు. బంధువుల ముందు తలవంపులు వస్తాయన్న భయంతో అణాపైసలతో సహా కడతాడు.

ఎర్రమట్టి కోర్టు

జూనియర్ ఆటగాళ్లకు చాలాకాలంగా శిక్షణ ఇస్తున్నవాణ్ణి కనుక లెక్కలపుస్తకం గారి మాటలకు నా వైపు నుంచి కొంత చేర్చాలి. ఆయన టటీస్‌ను ఉదాహరణగా తీసుకున్నారు, సరే. అదే సంస్థ దగ్గర డబ్బు తీసుకున్న ఫ్రాన్సిస్కో మెహీయా సంగతి ఎందుకు చెప్పలేదు? 3 లక్షల 60 వేల డాలర్లకు 10 శాతం రాసిచ్చిన ఈ ఆటగాడు, తల్లి వైద్య ఖర్చుల కోసం ఆ డబ్బు అవసరమైందని, తాను ఏమి సంతకం చేస్తున్నాడో సరిగా అర్థం కాలేదని 2018లో దావా వేశాడు. తర్వాత దాన్ని ఉపసంహరించుకొని క్షమాపణ కూడా చెప్పాడు. కాబట్టి అతని ఆరోపణలు రుజువైనట్టు నేను చెప్పను. కాని ఇలాంటి బేరం కుదిరే వేళ ఎలా ఉంటుందో అది చూపిస్తుంది. ఒకవైపు ఆటగాళ్ల భవిష్యత్తును అంచనా వేయడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్లు. మరొకవైపు ఇంటి అవసరం తప్ప మరేదీ కనిపించని ఇరవై ఏళ్ల కుర్రాడు. ధర ఎవరు నిర్ణయిస్తారో వేరే చెప్పాలా?

అయితే బేస్‌లైన్ గారి విషయంలో నన్ను కలవరపెడుతున్నది ధర కాదు. డబ్బు పెట్టినవాడికి ఆట మీద అభిప్రాయాలు పుడతాయి. ఇది తప్పనిసరి. యూరప్ ఫుట్‌బాల్‌లో ఆటగాళ్ల బదిలీ సొమ్ములో బయటివారు వాటాలు కొనే పద్ధతి ఉండేది. 2006లో టెవెజ్, మాస్కెరానో అనే ఇద్దరు అర్జెంటీనా ఆటగాళ్లు వెస్ట్ హామ్ క్లబ్బుకు అలాంటి ఏర్పాటు మీదే వచ్చారు. మరుసటి ఏడాది ఆ క్లబ్బుకు 55 లక్షల పౌండ్ల జరిమానా పడింది. నేరం వాటా ఉండడం మాత్రమే కాదు. బయటివాళ్లు క్లబ్బు నిర్ణయాల మీద ప్రభావం చూపగలిగేలా ఒప్పందాలు రాసుకోవడం, వాటిని లీగుకు చూపించకపోవడం. 2008లో ఇంగ్లండ్ లీగు ఆ పద్ధతిని నిషేధించింది. 2015 మే 1 నుంచి ఫీఫా ప్రపంచమంతటా నిషేధించింది. అక్కడ వాటాదారుకు డబ్బు వచ్చేది ఆటగాడు క్లబ్బు మారినప్పుడే. ఇక ఆటగాణ్ణి ఒకచోట నిలవనిస్తాడా? నేమార్ పదిహేడేళ్ల వయసులో ఉండగా, 2009లో, అతని బదిలీ హక్కుల్లో 40 శాతం కొన్న బ్రెజిల్ సంస్థ, 2013లో బార్సెలోనాకు వెళ్లినప్పుడు తనను మోసం చేశారని అతని మీదా తల్లిదండ్రుల మీదా కేసు నడిపించింది. 2022 డిసెంబరులో అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ కుర్రాడు ప్రపంచ ప్రసిద్ధుడై, ముప్పై ఏళ్లు నిండాక కూడా, పదిహేడో ఏట అమ్ముడైన వాటా గురించి కోర్టులో నిలబడవలసి వచ్చింది.

టెన్నిస్‌లో బదిలీలు లేవు, నిజమే. ఇక్కడ వేరే ఒత్తిళ్లుంటాయి. పదిహేడేళ్ల అమ్మాయికి భుజం నొప్పి మొదలైతే నేను మూడు నెలలు ఆడవద్దంటాను. ర్యాంకింగు పాయింట్లు పోతాయి, ఆ సీజను పోతుంది. అప్పుడు ఆమె ముందు నా మాట ఒకటి, ఎనిమిదిమంది అన్నయ్యలూ బాబాయిలూ పెట్టిన కోటి రూపాయలు ఒకటి. మీరు ఒక్క మాట అనకపోయినా సరే, ఆ అమ్మాయి నొప్పి దాచుకొని ఆడుతుంది. ఇలా దాచుకొని ఆడిన పిల్లలను నేను చూశాను. వాళ్ల వెనుక ఉన్నది తల్లిదండ్రుల అప్పులే, బయటివాళ్ల వాటాలు కూడా కావు.

ఇంకొకటి, దీన్ని మీరు ఆలోచించి ఉండరు. మన దగ్గర బాగా ఆడే అమ్మాయిల్లో చాలామందికి అత్యుత్తమమైన దారి పద్దెనిమిదో ఏట అమెరికా యూనివర్సిటీ స్కాలర్‌షిప్. నాలుగేళ్లు చదువు, ఆట, వైద్యం అన్నీ అక్కడే జరుగుతాయి. తర్వాత ప్రొఫెషనల్‌గా ఆడాలనుకుంటే ఆడవచ్చు, లేదంటే చేతిలో డిగ్రీ ఉంటుంది. ఆ అమ్మాయికి ఇది మేలు, మీకు మాత్రం నాలుగేళ్లు దాదాపు శూన్యం. పైగా, ప్రొఫెషనల్‌గా రేపు తిరిగి చెల్లించగలదన్న అంచనాతో బయటివారు ఇచ్చే ప్రయోజనాలు తీసుకున్నవారికి అక్కడ ఆడే అర్హత పోయే నిబంధన చాలాకాలంగా ఉంది. 2021 నుంచి అమెరికా కళాశాల క్రీడల్లో డబ్బు నిబంధనలు ఎంతో సడలాయి గాని, మీ ఒప్పందం లాంటిది ఆ తలుపు మూయదని ముందుగా లిఖితపూర్వకంగా తెలుసుకోకుండా ఒక్క రూపాయి కూడా పంపకండి. మీరు రాసిన రెండు దారుల్లో ఈ మూడోది లేకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది.

మరో మాట, కోపగించుకోకండి. పదేళ్ల వయసులో ఆమెకు రాకెట్ పట్టుకోవడం నేర్పిన వ్యక్తికి మీ ఒప్పందంలో చోటుందా? ఫుట్‌బాల్‌లో బయటి వాటాలను నిషేధించిన ఫీఫాయే, బదిలీ సొమ్ములో 5 శాతాన్ని ఆటగాడికి పన్నెండో ఏట నుంచి ఇరవై మూడో ఏట వరకు శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచాలని నియమం పెట్టింది. రేపటి సంపాదనలో వాటా అడగడానికి ఎవరికైనా హక్కుంటే ముందు వాళ్లకుంటుంది. మా అకాడమీలకు ఆ భాగ్యం లేదనుకోండి, అది వేరే బాధ.

బేస్‌లైన్

అందరికీ కృతజ్ఞతలు. హైకోర్టు మెట్లు గారు ఊహించినది నిజమే. మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు మా ముసాయిదాలో ఉంది. ఏ దురుద్దేశంతోనూ పెట్టలేదు, మాలో ఒకరు తన కంపెనీ ట్రెయినింగ్ బాండు చూసి రాశారు. అమెరికా యూనివర్సిటీ సంగతి మేమెవ్వరం తలచనే లేదు.

ఇప్పుడు నా ప్రశ్న ఇది. ఆమెకు పద్దెనిమిదేళ్లు వచ్చేవరకు ఏ కాగితమూ రాయకుండా, ఈ రెండేళ్ల ఖర్చు కోసం ముప్పై లక్షలు ఉత్తినే ఇచ్చి, తర్వాత ఆమే ఇష్టపడితే కొత్త ఒప్పందం చేసుకొని, మాకు వచ్చే మొత్తానికి పెట్టినదానికి మూడింతలని గరిష్ఠ పరిమితి పెడితే, అప్పుడైనా ఇది న్యాయంగా ఉంటుందా? ఇలా సంస్కారవంతంగా జరిగిన ఉదాహరణ ఎక్కడైనా ఉందా?

పాత గ్లవ్స్

ఉంది. కేసియస్ క్లే, అంటే తర్వాతి ముహమ్మద్ అలీ. 1960లో రోమ్ ఒలింపిక్స్ స్వర్ణంతో ఇంటికి వచ్చినప్పుడు అతని వయసు పద్దెనిమిది. అతని ఊరు లూయివిల్‌లోని పదకొండుమంది వ్యాపారులు కలిసి ఒక బృందంగా ఏర్పడి అతనితో ఆరేళ్ల ఒప్పందం చేసుకున్నారు. సంతకం మీద 10 వేల డాలర్లు ఇచ్చారు, ఆపైన ఖాయమైన జీతం ఇచ్చారు. బదులుగా సంపాదనలో సగం తీసుకునేవారు. సగం అంటే మీ 12 శాతం కంటే ఎంత ఎక్కువో చూడండి. అయినా బాక్సింగ్ చరిత్రలో ఆ ఒప్పందానికి మంచి పేరే ఉంది. ఆ రోజుల్లో బాక్సర్ల మీద నేరస్థుల ముఠాలు పెత్తనం చేసేవి. వీళ్లు వాటి బారిన పడకుండా అతన్ని కాపాడారు. పైగా అతని సంపాదనలో 15 శాతాన్ని ఒక ట్రస్టులో వేసి, ముప్పై అయిదేళ్లు వచ్చేవరకో ఆట విరమించేవరకో తాకడానికి వీల్లేకుండా చేశారు. 1966లో గడువు ముగిసింది, ఎవరి దారిన వాళ్లు వెళ్లారు.

అంటే నా దృష్టిలో శాతం కంటే గడువు ముఖ్యం. పదిహేనేళ్లు అన్నది ఒక టెన్నిస్ క్రీడాకారిణికి దాదాపు ఆటజీవితమంతా. దాన్ని ఆరేళ్లకు తగ్గించండి. ఒక జాగ్రత్త కూడా చెబుతాను: ఆ పదకొండుమంది అంత మర్యాదగా ఉండడానికి కారణం వాళ్లకు ఆ డబ్బుతో పని లేకపోవడం. అదే క్రీడలో మిగతావాళ్లు ఎలా ప్రవర్తించారంటే, బలవంతపు ఒప్పందాలను అరికట్టడానికీ, ప్రమోటర్లకు మేనేజర్ల వ్యవహారంలో వాటా లేకుండా చేయడానికీ 2000లో అమెరికా అలీ పేరుతోనే ఒక చట్టం చేయవలసి వచ్చింది.

లెక్కలపుస్తకం

మెహీయా విషయంలో ఎర్రమట్టి కోర్టు గారి మాట సబబే. సంతకం చేసేవాడికి తన సొంత న్యాయవాది ఉండాలి, ఆ ఫీజు ఒప్పందంలోంచి కాక బయటి నుంచి రావాలి. కాని బేస్‌లైన్ గారి మూడింతల పరిమితిని నేను ఒప్పుకోను. పరిమితి పెట్టగానే, గెలిచినవాడి వాటాతో ఓడినవాళ్ల ఖర్చు భరించే ఏర్పాటు కుప్పకూలుతుంది. ఆమె నెగ్గితే మీకు మూడు కోట్ల అరవై లక్షలు దాటదు. నెగ్గకపోతే కోటీ ఇరవై మొత్తం పోతుంది. మూడింట ఒక వంతు కూడా గెలుపు అవకాశం లేని చోట ఇది నష్టం బేరమే, పైగా పదేళ్ల వడ్డీ నేను లెక్కలోకి తీసుకోలేదు. తెలిసి తెలిసి నష్టపోవడానికి సిద్ధపడుతున్నారంటే మీరు దానమే చేస్తున్నారు. అప్పుడు దానికి వాటా అనే తోక ఎందుకు? ఆ తోక వల్ల మీకు వచ్చేది ఏమీ లేదు, ఆమెకు మాత్రం పదిహేనేళ్ల భారం.

ఎర్రమట్టి కోర్టు

లెక్కలపుస్తకం గారూ, ఇన్నాళ్లకు మనిద్దరం ఒక చోటికి వచ్చాము, దారులు వేరైనా. కాని ఆ తోకను పూర్తిగా కోసేయమని నేను అనను. ఉత్తినే ఇచ్చే సొమ్ముకు మరో బరువుంటుంది. ఆ తండ్రి లాంటి మనుషులు దానం పుచ్చుకోలేరు. తిరిగి ఇచ్చే మార్గం ఉంటేనే తలెత్తుకొని తీసుకుంటారు. అందుకే మూడింతలు వద్దు, పెట్టినంతే చాలని పరిమితి పెట్టండి. ఆమె ఏడాది ఆదాయం ఖర్చులు పోగా ఒక స్థాయి దాటిన తర్వాత మాత్రమే, దాటిన మేరకు మాత్రమే, కొద్దికొద్దిగా తిరిగి ఇస్తుంది. గాయం, చదువు, పెళ్లి, పిల్లలు, విసుగు, ఏ కారణం వల్ల మానేసినా లెక్క అక్కడితో ఆగిపోవాలి. కారణం అడిగే హక్కు కూడా మీకు ఉండకూడదు.

కోటీ ఇరవై అంతా మీ ఎనిమిదిమందే మోయాలన్న పట్టుదల కూడా వదలండి. ఖేలో ఇండియాకు ఎంపికైన పిల్లలకు నెలకు 10 వేలు చేతి ఖర్చుకు వస్తాయి. ఒలింపిక్ గోల్డ్ క్వెస్ట్, గోస్పోర్ట్స్ వంటి లాభాపేక్ష లేని సంస్థలు ఏ వాటా అడగకుండానే క్రీడాకారులకు అండగా ఉంటాయి. ఎంపిక కావడం కష్టమే, కాని దరఖాస్తులు, ఉత్తరాలు, వీడియోలు తయారుచేసి పెట్టే మనిషి ఆ కుటుంబానికి లేడు. మీరు ఇంజినీర్లు కదా, ముందు ఆ పని చేయండి. దానికి ఏ లాయరూ అక్కరలేదు.

హైకోర్టు మెట్లు

పై సూచన చట్టపరంగా కూడా సులువైనదే. పద్దెనిమిది నిండేవరకు ఇచ్చేదాన్ని బహుమతిగా రాసి, తర్వాతి సొమ్ముకు మాత్రమే కొత్త కాగితం రాసుకోండి. పాత సొమ్మును అందులో కలపకండి, కలిపితే మళ్లీ మొదటి చిక్కే వస్తుంది. ఆదాయం అంటే పన్నుకు ముందా తర్వాతా, కోచ్ జీతం, విమాన టిక్కెట్లు తీసేశాకనా ముందా అన్నది ఒక్కొక్కటీ విడమరచి రాయాలి. ఇలాంటి ఒప్పందాల్లో గొడవలు ఎక్కువగా అక్కడే పుడతాయి. మీ తరఫు న్యాయవాది ఆమెకు సలహా ఇవ్వకూడదు. గుంటూరులోనే వేరే న్యాయవాదిని ఆమె ఎంచుకోవాలి, తండ్రి కాదు. ఫీజు మీరు కట్టినా, ఆమె ఒప్పందం వద్దన్నా సరే ఆ ఫీజు తిరిగి అడగబోమని ముందే రాసివ్వండి.

బేస్‌లైన్

మా ఎనిమిదిమందికీ ఈ సమాధానాలన్నీ పంపాను. పెట్టినంతే తిరిగి, అదీ వీలైతేనే అన్న మాట విని ముగ్గురు తప్పుకుంటామన్నారు. వారిని తప్పుపట్టను, వాళ్లు మొదటి నుంచీ దీన్ని పెట్టుబడిగానే చూశారు. మిగిలిన అయిదుగురం కలిసి ఈ ఏడాదికి పన్నెండు లక్షలు ఇవ్వగలము. అమెరికా యూనివర్సిటీల నిబంధనల గురించి ఇక్కడి ఒక కాలేజీ జట్టు కోచ్‌కు ఉత్తరం రాశాను. జవాబు వచ్చేవరకు డబ్బు పంపడం లేదు. అంతలో ఆమె మ్యాచ్‌ల వీడియోలు, ఫలితాల పట్టిక సిద్ధం చేసే పని నేను తీసుకున్నాను. ఎర్రమట్టి కోర్టు గారూ, ఏ మ్యాచ్‌లు ఎంచుకోవాలో, గెలిచినవే పంపాలా ఓడినవి కూడా పంపాలా అన్నది మీరు చెబితే మేలు.